ఇంటి పునరుద్ధరణలో వడ్రంగం, విద్యుత్ తీగల అమరిక

ఇంటి పునరుద్ధరణ అనగా పాత ఇంటిని గాని, అపార్టుమెంటులోని ఒక ఫ్లాటును గాని కూల్చివేయకుండా, ప్రస్తుత అవసరాలకు తగినట్లు లోపలి భాగాలను మార్చుకోవడం. గది కొలతలకు సరిపోయే అలమరలు, వంటగది అరలు, మంచాలు, చదువుకునే బల్లలు వడ్రంగి చేత చేయించుకోవడం ఇందులో ముఖ్యమైన భాగం. దీపాలు, పంకాలు, శీతల యంత్రాలు, టీవీ, ఇంటర్నెట్ మొదలైన వాటికి తీగలు వేయడం మరొక ముఖ్యమైన భాగం. ఈ రెండు పనులను వేరు వేరు పనివారు చేసినప్పటికీ అవి జరిగేది ఒకే గోడ మీద. కావున రెండింటికీ కలిపి ఒకే ప్రణాళిక ఉండవలసిన అవసరం ఉన్నది. తీగ వెళ్ళే దారిని చెక్కపని మొదలు కాక ముందే నిర్ణయించడం, దాచిన ప్రతి తీగ మరల చేతికి అందేటట్లు చూడడం ఈ ప్రణాళికకు మూల సూత్రాలు. కొల్లేరు పరిసరాల వంటి తేమ, వరద గల ప్రాంతాలలో ఇది అందానికి మాత్రమే కాక ప్రాణ రక్షణకు కూడా సంబంధించిన విషయం.

ప్రాంత నేపథ్యం

కొల్లేరు సరస్సు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు ఇందులో కలుస్తాయి. సరస్సు నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతం చేరుతుంది. 1999లో దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఇది రాంసర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. సరస్సును ఆనుకొని ఉన్న మండవల్లి ఏలూరు జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. గుడివాడ - భీమవరం రైలు మార్గంపై ఇక్కడ స్టేషను ఉన్నది. నందిగామలంక, ఇంగిలిపాకలంక, పెనుమాకలంక వంటి లంక గ్రామాలు ఈ మండలంలోనివే.

ఇంటి పని విషయంలో ఈ ప్రాంతానికి కొన్ని ప్రత్యేకతలు ఉన్నాయి. భూగర్భ జలం నేలకు దగ్గరగా ఉండుట వలన గోడల అడుగు భాగం చెమ్మగిల్లుతుంది. నల్లరేగడి నేల వేసవిలో బీటలు వారి, వానలకు ఉబ్బుతుంది. దాని కదలికలకు గోడలలో పగుళ్ళు వస్తాయి. చుట్టూ వరి చేలు, చేపల చెరువులు ఉండుట వలన ఎలుకలు, దీపాల పురుగులు, వాటి కోసం వచ్చే బల్లులు ఎక్కువ. గాలిలోని తేమ వలన సరిగా ఆరని చెక్క వంగిపోతుంది, ఇనుప మేకులు తుప్పు పడతాయి. మండవల్లి వంటి ఊళ్ళలో సొంత ఇళ్ళు ఎక్కువ. ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాలలో అపార్టుమెంట్లు పెరిగాయి. రెండు చోట్లా సూత్రాలు ఒకటే అయినప్పటికీ అపార్టుమెంటులో పొరుగువారి హక్కులు, ఉమ్మడి కట్టడపు భద్రత అదనంగా చూడవలసి ఉంటుంది.

చరిత్ర

డెల్టా గ్రామాలలోని మండువా లోగిళ్ళు, పెంకుటిళ్ళు ప్రధానంగా వడ్రంగి పని మీద నిలిచిన కట్టడాలు. దూలాలు, వాసాలు, స్తంభాలు, ద్వారబంధాలు అన్నీ చెక్కతోనే చేసేవారు. టేకు, మద్ది, వేప, తుమ్మ, తాటి కలప వాడుకలో ఉండేవి. సామాను పెట్టుకొనుటకు గోడలలోనే గూళ్ళు కట్టి, వాటికి తలుపులు బిగించి అలమరలుగా వాడేవారు. ఈ ఇళ్ళు కట్టిన నాటికి విద్యుత్తు ఊహలో లేదు.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉత్పత్తి ప్రారంభించిన తరువాత కోస్తా జిల్లాలలో విద్యుత్తు వాడకం విస్తరించింది. పాత ఇళ్ళలో తొలినాటి వైరింగు చెక్కతో ముడిపడినదే. గోడలోనికి చెక్క బిళ్ళలు దిగగొట్టి, వాటిపై సన్నని టేకు రీపర్లు బిగించి, రీపరు మీద రేకు క్లిప్పులతో తీగలను వరుసగా పట్టి ఉంచేవారు. స్విచ్చులకు చెక్క బోర్డులు, బల్బు హోల్డర్లకు గుండ్రటి చెక్క దిమ్మలు వాడేవారు. గాడి తీసిన చెక్క పట్టీలో తీగలు పరచి, పైన మరొక పట్టీ మూసే పద్ధతి కూడా ఉండేది. ఈ పద్ధతులలో తీగ ఎటు పోయినదీ కంటికి కనిపించేది. ఎక్కడ పాడైనా వెంటనే గుర్తించి మార్చగలిగేవారు.

తరువాతి కాలంలో గోడలో గాడి తీసి, పి.వి.సి. పైపు పూడ్చి, అందులో తీగలు లాగే పద్ధతి వచ్చింది. దీనిని కన్సీల్డ్ వైరింగు అంటారు. గోడ నున్నగా కనిపించడం దీని ప్రయోజనం. తీగ దారి కంటికి కనిపించకపోవడం దీని లోపం. అలమరలను గోడకు బిగించేటప్పుడు వడ్రంగి డ్రిల్లింగు యంత్రంతో వేసే రంధ్రం పైపులోని తీగకు తగిలే ప్రమాదం ఈ పద్ధతితోనే వచ్చింది. ఉమ్మడి ప్రణాళిక అవసరానికి ఇదే ముఖ్య కారణం.

ప్రణాళిక, పనుల వరుస

పునరుద్ధరణలో ఎక్కువ నష్టం కలిగించేది పనుల వరుస తప్పడం. అలమరలు బిగించిన తరువాత ప్లగ్గు సాకెట్టు వాటి వెనుక ఉండిపోయినట్లు తెలిస్తే, చెక్కను కోయుటయో, గోడను మరల పగులగొట్టుటయో తప్పదు. సాధారణంగా పాటించదగిన వరుస ఇది:

1. ప్రతి గది పొడవు, వెడల్పు, ఎత్తు, కిటికీల, తలుపుల స్థానాలు కొలిచి కాగితంపై గీయడం. తలుపు ఏ ప్రక్కకు తెరుచుకొనునో కూడా గుర్తించడం.
2. మంచం, బల్ల, అలమర, పొయ్యి, ఫ్రిజ్ ఎక్కడ ఉండునో అదే పటంలో వేయడం.
3. ఆ వస్తువులను బట్టి ప్రతి స్విచ్చు, సాకెట్టు స్థానాన్ని నేల నుండి ఎత్తుతో సహా నిర్ణయించడం.
4. వాడే పరికరాల జాబితా తయారు చేసి, విద్యుత్ భారాన్ని లెక్కించడం.
5. తొలగించవలసిన పాత పలకలు, పాత తీగలు తీసివేయడం.
6. గోడలలో గాడులు తీసి తీగల పైపులు, నీటి గొట్టాలు వేయడం.
7. గోడలు మూయక ముందు ఫోటోలు తీసి, తరువాత సిమెంటు పూత పూయడం.
8. నేల పని ముగించి, పైపులలో తీగలు లాగడం.
9. గోడలు పూర్తిగా ఆరిన తరువాత చెక్కపని బిగించడం.
10. రంగులు, ఆపై స్విచ్చులు, దీపాలు అమర్చి పరీక్షలు జరపడం.

వీటిలో మూడవ అంశం వద్ద ఇంటి యజమాని, వడ్రంగి, ఎలక్ట్రీషియను ముగ్గురూ ఒకే చోట నిలబడి గోడ మీద సుద్దతో గుర్తులు పెట్టుకొనుట మంచిది. పటం చదవడం అలవాటు లేని పనివారికి కూడా గోడ మీది గుర్తు స్పష్టంగా అర్థమవుతుంది. ఇంటిలో వృద్ధులు ఉన్నట్లయితే సాకెట్టు కొరకు వంగవలసిన అవసరం లేని ఎత్తును, మంచం నుండి చేతికి అందే స్విచ్చును ఈ దశలోనే అడిగి తెలుసుకోవాలి.

విద్యుత్ భారం లెక్కించడం

భారతదేశంలో ఇళ్ళకు వచ్చే సింగిల్ ఫేజు సరఫరా 230 వోల్టులు. పరికరం మీద వ్రాసి ఉన్న వాట్లను 230తో భాగిస్తే అది తీసుకొనే విద్యుత్ ప్రవాహం సుమారుగా ఆంపియర్లలో తెలుస్తుంది. కొన్ని ఉదాహరణలు:

* మిక్సీ, 750 వాట్లు: సుమారు 3.3 ఆంపియర్లు
* ఇస్త్రీ పెట్టె, 1000 వాట్లు: సుమారు 4.3 ఆంపియర్లు
* నీళ్ళు కాచే కెటిల్, 1500 వాట్లు: సుమారు 6.5 ఆంపియర్లు
* ఇండక్షన్ పొయ్యి, 2000 వాట్లు: సుమారు 8.7 ఆంపియర్లు
* గీజరు, 2000 వాట్లు: సుమారు 8.7 ఆంపియర్లు

వంటగదిలో ఇండక్షన్ పొయ్యి, కెటిల్, మిక్సీ ఒకేసారి నడిచినట్లయితే మొత్తం 18.5 ఆంపియర్లు అవుతుంది. ఇది 16 ఆంపియర్ల సాకెట్టు ఒక్కటి మోయగల దాని కంటే ఎక్కువ. అందువలన వంటగదికి మెయిన్ బోర్డు నుండి కనీసం రెండు ప్రత్యేక తీగ దారులు వేయడం అవసరం. శీతల యంత్రానికి, గీజరుకు వేటికవే వేరు దారులు ఉండాలి. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనగా ప్రవాహం రెట్టింపు అయితే వేడి నాలుగు రెట్లు అవుతుంది. చెక్క అరల వెనుక గాలి ఆడని చోట ఈ వేడి బయటకు పోలేక తీగ పై తొడుగును మెత్తబరుస్తుంది. క్రొత్త పరికరాల వలన మొత్తం భారం పెరిగినప్పుడు విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసి మంజూరైన లోడును పెంచుకోవాలి.

గోడలలో గాడులు, కట్టడపు భద్రత

ఇటుక గోడలో నిలువు గాడి లోతు గోడ మందంలో మూడవ వంతుకు, అడ్డ గాడి లోతు ఆరవ వంతుకు మించరాదు. 9 అంగుళాల గోడలో ఇవి వరుసగా 3 అంగుళాలు, ఒకటిన్నర అంగుళం అవుతాయి. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడలో అడ్డ గాడి తీయకపోవడమే మేలు. పైపును పైకప్పు దగ్గర నడిపించి, కావలసిన చోట నిలువుగా దించుట సరైన పద్ధతి. ఏటవాలుగా గాడి తీయరాదు. తీగలు ఎల్లప్పుడూ స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా గాని, సరిగా అడ్డంగా గాని ఉన్నట్లయితే, పది సంవత్సరాల తరువాత వచ్చే వడ్రంగి కూడా బోర్డు స్థానాన్ని బట్టి తీగ దారిని ఊహించి, ఆ దారిలో మేకు కొట్టకుండా ఉండగలడు.

అపార్టుమెంటులలో కాంక్రీటు స్తంభాలను, దూలాలను, శ్లాబును ఏ కారణం చేతనూ చెక్కరాదు. లోపలి ఇనుప చువ్వలు బయటపడినచో తేమ గాలికి తుప్పు పట్టి కాంక్రీటు పెచ్చులూడుతుంది. ఇది ఒక ఫ్లాటుకు మాత్రమే సంబంధించిన నష్టం కాదు, ఆ స్తంభం మోస్తున్న ఇళ్ళన్నింటికీ సంబంధించినది. ఆంధ్రప్రదేశ్‌లో అపార్టుమెంట్ల నిర్మాణం, యాజమాన్యాలకు సంబంధించి 1987 నాటి చట్టం ఉన్నది. మెట్లు, పైకప్పు వంటివి ఉమ్మడి భాగాలు గనుక వాటి గుండా క్రొత్త తీగ లాగేటప్పుడు యజమానుల సంఘం అనుమతి తీసుకోవాలి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం ప్రకారం, ఫ్లాటు స్వాధీనం చేసిన నాటి నుండి 5 సంవత్సరాలలోపు బయటపడిన నిర్మాణ లోపాలను ప్రమోటరు తన ఖర్చుతో సరిచేయవలసి ఉంటుంది. కావున క్రొత్త ఫ్లాటులో పని మొదలుపెట్టే ముందు ఉన్న పగుళ్ళను, చెమ్మను తేదీతో సహా ఫోటోలు తీసి ఉంచుకోవడం ప్రయోజనకరం.

తీగలు, పైపులు

ఇళ్ళలో సాధారణంగా దీపాలకు, పంకాలకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను, 16 ఆంపియర్ల సాకెట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగను, శీతల యంత్రాలకు, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల తీగను వాడతారు. పి.వి.సి. తొడుగు గల తీగలకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 694. ఇళ్ళ వైరింగు పద్ధతులను ఐ.ఎస్. 732, ఎర్తింగును ఐ.ఎస్. 3043 వివరిస్తాయి. మన ఇళ్ళలో ఎరుపు, పసుపు, నీలం రంగులు ఫేజుకు, నలుపు న్యూట్రలుకు, ఆకుపచ్చ ఎర్త్‌కు వాడడం ఆనవాయితీ. రంగు తీగ చాలక ఆకుపచ్చ తీగను ఫేజుకు వాడడం చాలా ప్రమాదకరం. తరువాత వచ్చే పనివాడు దానిని ఎర్త్‌గా భావించి పట్టుకొనే అవకాశం ఉన్నది.

పైపు లోపలి ఖాళీలో సుమారు 40 శాతానికి మించి తీగలు నింపరాదు. ఖాళీ ఉన్నప్పుడే వేడి తగ్గుతుంది, పాత తీగను లాగి క్రొత్తది ఎక్కించడం సాధ్యమవుతుంది. తీగల అతుకులు పైపు లోపల ఉండరాదు. అవి మూత తీయగల జంక్షన్ బాక్సులలో మాత్రమే ఉండాలి. ఆ బాక్సును అలమర వెనుక శాశ్వతంగా మూసివేస్తే అది ఉండీ లేనట్లే.

ఇంటర్నెట్, కేబుల్ టీవీ తీగలను విద్యుత్ తీగలు ఉన్న పైపులో వేయరాదు. విద్యుత్ తీగ తొడుగు పాడైనచో 230 వోల్టులు ఇంటర్నెట్ పెట్టెకు, దాని ద్వారా మనిషికి చేరవచ్చు. వాటికి వేరు పైపు వేసి, రెండు పైపుల మధ్య ఆరు నుండి ఎనిమిది అంగుళాల ఎడం ఉంచాలి. అవి ఒకదానినొకటి దాటవలసి వస్తే లంబకోణంలో దాటించాలి. ఫైబరు తీగ లోపల గాజు పోగు ఉంటుంది గనుక దానిని మూలల వద్ద మడవకుండా గుండ్రంగా తిప్పాలి. భవిష్యత్తు కొరకు హాలు నుండి ప్రతి గదికి ఒక ఖాళీ పైపు వేసి, అందులో నైలాను దారం లాగి ఉంచితే, క్రొత్త తీగ కావలసినప్పుడు గోడ పగులగొట్టే అవసరం రాదు.

పాత ఇళ్ళలో అల్యూమినియం తీగలు కనిపిస్తాయి. అల్యూమినియాన్ని రాగి తీగతో నేరుగా మెలిపెట్టి అతికించరాదు. తేమలో ఈ రెండు లోహాలు కలిసిన చోట తుప్పు వంటి పొర ఏర్పడి, అతుకు వదులై వేడెక్కుతుంది. పునరుద్ధరణ సమయంలో అటువంటి తీగలను పూర్తిగా మార్చడం ఉత్తమం.

చెక్క ఎంపిక

ద్వారబంధాలకు, కిటికీలకు టేకు ఇప్పటికీ మేలైనదిగా పరిగణించబడుతున్నది. దానిలోని సహజమైన నూనెల వలన చెదపురుగులు త్వరగా పట్టవు. వేప కలప గ్రామాలలో చౌకగా దొరుకుతుంది, కాని బాగా ఆరనిచ్చి వాడకపోతే వంకర తిరుగుతుంది. కోసిన కలపను నీడలో, పలకకూ పలకకూ మధ్య చిన్న పుల్లలు పెట్టి గాలి ఆడేటట్లు పేర్చి ఆరబెట్టాలి. కోస్తా వాతావరణంలో 12 నుండి 16 శాతం తేమ మిగిలిన కలప నిలకడగా ఉంటుంది.

అలమరలకు ఎక్కువగా ప్లైవుడ్ వాడుతున్నారు. సాధారణ ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 303, మెరైన్ ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 710 ప్రమాణాలు. వంటగది తొట్టి క్రింద, స్నానపు గది గోడను ఆనుకొని ఉండే అలమరలకు మెరైన్ రకం వాడడం మంచిది. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డులు నీరు తగిలితే ఉబ్బి, మేకు పట్టును కోల్పోతాయి. వరద భయం ఉన్న క్రింది అంతస్తులలో అవి పనికిరావు. ప్లైవుడ్ షీటు సాధారణ కొలత 8 అడుగులు × 4 అడుగులు. అలమర కొలతలను ఈ షీటు నుండి వృథా తక్కువగా వచ్చేటట్లు నిర్ణయిస్తే ఖర్చు తగ్గుతుంది. బట్టలు హ్యాంగర్లకు తగిలించే అలమర లోతు సుమారు 2 అడుగులు, పుస్తకాల అర లోతు 10 నుండి 12 అంగుళాలు సరిపోతుంది.

చెమ్మ గోడకు అలమరను నేరుగా ఆనించి బిగించరాదు. వెనుక ఒకటి నుండి రెండు అంగుళాల ఖాళీ ఉంచితే గోడ ఆరుతుంది, బూజు పట్టదు. ఆ ఖాళీయే తీగలకు దారిగా కూడా ఉపయోగపడుతుంది. అలమర అడుగున చెక్కకు బదులు రాతి పలక గాని, నాలుగు అంగుళాల ఇటుక దిమ్మ గాని వేయడం డెల్టా గ్రామాలలో మంచి ఫలితమిచ్చే పద్ధతి. ఇల్లు కడిగిన నీరు, చెదలు రెండూ చెక్కకు నేరుగా చేరవు.

గదుల వారీగా అమరిక

వంటగది: సాకెట్లు గట్టుకు పైన 8 నుండి 10 అంగుళాల ఎత్తులో, నీటి తొట్టికి, పొయ్యికి దూరంగా ఉండాలి. ఫ్రిజ్, నీటి శుద్ధి యంత్రం వంటి ఎల్లప్పుడూ నడిచే పరికరాల సాకెట్లను వాటి వెనుక కాక ప్రక్క అరలో ఉంచితే, పరికరాన్ని కదపకుండానే ప్లగ్గు తీయవచ్చు. గ్యాసు సిలిండరు ఉంచే అరలో సాకెట్టు గాని, స్విచ్చు గాని ఉండరాదు. వంట గ్యాసు గాలి కంటే బరువైనది గనుక కారినప్పుడు అడుగున చేరుతుంది. స్విచ్చు వేసినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ దానికి చాలు. ఆ అర తలుపుకు అడుగున గాలి రంధ్రాలు పెట్టాలి.

హాలు: టీవీ వెనుక పలకను గోడకు శాశ్వతంగా అతికించక, మరలతో విప్పగలిగేటట్లు బిగించాలి. టీవీ నుండి క్రింది అర వరకు గోడలో రెండు అంగుళాల వెడల్పు పైపు ఒకటి పూడ్చితే తీగలన్నీ అందులో దిగుతాయి. ఇంటర్నెట్ పెట్టెను మూసిన అరలో పెడితే వేడెక్కుతుంది, సంకేతం బలహీనపడుతుంది. దానికి జాలీ తలుపు గాని, తెరచిన అర గాని ఉండాలి.

చదువు బల్ల: బల్ల పలకలో సుమారు 60 మిల్లీమీటర్ల రంధ్రం చేసి ప్లాస్టికు కంకణం తొడగాలి. పలక క్రింద వెనుక వైపు ఒక చెక్క తొట్టి గాని, రేకు తట్ట గాని బిగించి, సాకెట్ల పట్టీని, మిగులు తీగను అందులో ఉంచితే నేల మీద తీగలు పడి ఉండవు. తీగలను గుడ్డ పట్టీలతో వదులుగా కట్టాలి. బిగించి కట్టిన ప్లాస్టికు పట్టీలు తొడుగును కోస్తాయి. కదిలే బల్ల, సొరుగుల వద్ద ఒక అడుగు మిగులు తీగ వదలాలి. సాకెట్ల పట్టీని శాశ్వత వైరింగుకు బదులుగా వాడరాదు.

పడక గది: మంచం తలవైపు పలకలో సాకెట్లు అమర్చినప్పుడు, పలక వెనుక లోహపు గాని, మంట అంటని ప్లాస్టికు గాని పెట్టె తప్పనిసరి. సాకెట్టు వెనుక భాగాన్ని వట్టి చెక్కకు వదిలివేయరాదు. అలమరలలో వెలిగే పట్టీ దీపాలకు 12 వోల్టుల అడాప్టరు ఉంటుంది. అది వేడెక్కే వస్తువు గనుక బట్టల మధ్య కాక, అలమర పైభాగాన గాలి తగిలే చోట ఉంచాలి.

ఇన్వర్టరు: నీటిని పోసే రకం బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. ఇది తేలికగా మండే వాయువు. అందమైన పెట్టెలో మూసి ఉంచాలనే కోరిక సహజమే గాని, దానిని గాలి ఆడే వరండాలోనో, పైన, క్రింద జాలీలు గల పెట్టెలోనో ఉంచాలి.

వరద, తేమ, ఎలుకలు

2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీరు కొల్లేరుకు చేరి సరస్సు మట్టం పెరిగినప్పుడు, మండవల్లి, కైకలూరు ప్రాంతాలలోని లంక గ్రామాల రహదారులు నీట మునిగాయి. ఇటువంటి చోట్ల మెయిన్ బోర్డు, మీటరు, ఇన్వర్టరు స్థానాలను అలంకారాన్ని బట్టి కాక, గతంలో నీరు వచ్చిన గుర్తును బట్టి నిర్ణయించాలి. క్రింది అంతస్తు సాకెట్లన్నీ ఆ గుర్తుకు పైన ఉండాలి. తీగలు నేలలో కాక పైకప్పు నుండి దిగాలి. నేలలో వేసిన పైపులో చేరిన నీరు వరద తీసిన తరువాత కూడా నెలల తరబడి నిలిచి ఉంటుంది. క్రింది అంతస్తుకు, పై అంతస్తుకు వేరు వేరు స్విచ్చులు ఉన్నట్లయితే, క్రింద నీరు వచ్చినప్పుడు ఆ భాగాన్ని మాత్రమే ఆపివేసి పైన దీపం వెలిగించుకోవచ్చు.

అపార్టుమెంటులలో మీటర్ల బోర్డులు తరచుగా వాహనాలు నిలిపే నేల అంతస్తులో ఉంటాయి. అవి మునిగితే పై అంతస్తుల వారికి కూడా సరఫరా నిలిచిపోతుంది. ఈ బోర్డులను ఎత్తుకు మార్చుకొనుట సంఘం ఉమ్మడిగా, పంపిణీ సంస్థ అనుమతితో చేయవలసిన పని. నీట మునిగిన సాకెట్లను, బ్రేకర్లను ఆరబెట్టి మరల వాడరాదు. లోపల చేరిన బురద, ఉప్పు తేమను పీల్చి తరువాత లీకేజీకి కారణమవుతాయి.

ఎలుకలు రాకుండా గోడలో ప్రతి పైపు మూతిని మూసివేయాలి. అలమర వెనుక తీగలను విడిగా కాక పైపులోనే నడపాలి. స్విచ్ బోర్డు రంధ్రాలు మూసి ఉన్నట్లయితే బల్లులు లోపలికి దూరి షార్టు సర్క్యూట్ చేసే ప్రమాదం తప్పుతుంది.

రక్షణ పరికరాలు, పరీక్షలు

ఎం.సి.బి. అనే బ్రేకరు తీగను అధిక భారం నుండి, షార్టు సర్క్యూట్ నుండి కాపాడుతుంది. అది మనిషిని కాపాడుతుందనుకొనుట పొరపాటు. 16 ఆంపియర్ల బ్రేకరు అంతకు మించిన ప్రవాహానికి గాని పడిపోదు. మనిషి గుండె ఆగిపోవుటకు ఒక ఆంపియరులో పదవ వంతు కూడా అక్కరలేదు. మనిషి రక్షణకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి పనిచేసే ఆర్.సి.సి.బి. అనే పరికరం వేరుగా ఉండాలి. ఫేజు ద్వారా వెళ్ళిన ప్రవాహం న్యూట్రలు ద్వారా పూర్తిగా తిరిగి రాకపోతే, ఆ తేడాను గుర్తించి ఇది సరఫరాను క్షణంలో తెంచివేస్తుంది. దాని మీద ఉన్న పరీక్ష మీటను నెలకు ఒకసారి నొక్కి చూడాలి. తేమ గోడల ఇంటిలో ఈ పరికరం తరచుగా పడిపోతున్నదని తీసివేయడం జరుగుతుంటుంది. అది తరచుగా పడిపోవడం ఎక్కడో లీకేజీ ఉన్నదనుటకు గుర్తు. వెదకవలసినది లీకేజీని.

కొల్లేరు ప్రాంతపు తడి నేలలో ఎర్తింగుకు నిరోధం తక్కువగా ఉండడం అనుకూలమైన అంశం. అయితే ఉప్పు తేమ వలన భూమిలోని ఇనుప గొట్టం, దానికి బిగించిన బోల్టు త్వరగా తుప్పు పడతాయి. అందువలన సంవత్సరానికి ఒకసారి ఎర్తింగు గుంట తెరచి చూడడం అవసరం.

పని ముగిసిన తరువాత, స్విచ్చులు వేయక ముందు 500 వోల్టుల మెగ్గరుతో తీగల తొడుగు నిరోధాన్ని కొలవాలి. అది ఒక మెగా ఓమ్ కంటే తక్కువ ఉండరాదు. చెక్కపని బిగించక ముందు ఒకసారి, బిగించిన తరువాత మరొకసారి ఈ పరీక్ష జరిపితే, మర ఏదైనా తీగకు తగిలినట్లయితే తెలిసిపోతుంది. ఇంటి వైరింగును లైసెన్సు గల ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు చేత చేయించి, పరీక్ష ఫలితాలు వ్రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఒప్పందం, పటాల భద్రత

చెక్కపనికి సాధారణంగా చదరపు అడుగు చొప్పున ధర మాట్లాడుకుంటారు. ముందు భాగం కొలత మాత్రమేనా, లోపలి అరలు కూడా లెక్కకు వస్తాయా అన్నది ముందుగా వ్రాసుకోకపోతే చివరలో వివాదం వస్తుంది. ప్లైవుడ్ రకం, మందం, మడతబందుల రకం, తీగల కొరకు చేయవలసిన రంధ్రాలు, విప్పగల పలకలు ఎవరి పనిలో భాగమో కూడా ఒప్పందంలో ఉండాలి. రంధ్రాలను పని చివర ఎలక్ట్రీషియను ఉలితో తొలచడం కంటే, వడ్రంగి తన పనిముట్లతో ముందే చేయడం శుభ్రంగా ఉంటుంది.

గోడలు మూయక ముందు, కొలత టేపు కనిపించేటట్లు తీసిన ఫోటోలు, సవరించిన పటం, బ్రేకర్ల జాబితా ఇంటి పత్రాలతో పాటు భద్రపరచాలి. మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు, ఏ బ్రేకరు ఏ గదికి సంబంధించినదో తెలుగులో వ్రాసి అతికిస్తే, ఇంటిలో ఎవరున్నా ఆపద వేళ సరైన స్విచ్చును ఆపగలుగుతారు. ఇల్లు చేతులు మారినప్పుడు ఈ పటం క్రొత్త యజమానికి ఇవ్వవలసిన వాటిలో ఒకటి.

ఇవి కూడా చూడండి

* కొల్లేరు సరస్సు
* మండవల్లి
* వడ్రంగి
* టేకు
* ఎర్తింగు